ఇది, మీరు, నేను: ప్రకటన మనిషిని చేరిన దారి

(దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్మారకోపన్యాస పాఠం)



నాగేశ్వరరావు పంతులుగారి పేరుమీద ఉపన్యాసం అనగానే పత్రికారచన గురించో, గ్రంథాలయోద్యమం గురించో, 1937 నవంబరులో వారి శ్రీబాగ్ ఇంట్లో కుదిరిన ఒడంబడిక గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను వ్యాపార ప్రకటనల గురించి మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకులు ఒక్క క్షణం తటపటాయించి, ఆ తర్వాత ఒప్పుకున్నారు. ఆ తటపటాయింపు సహజమే. పత్రిక చేతికి రాగానే వార్త చదువుతాం, వ్యాసం చదువుతాం, ప్రకటన ఉన్న పేజీ తిప్పేస్తాం. కాని పంతులుగారి జీవితం అర్థం కావాలంటే ఆ తిప్పేసే పేజీ దగ్గరే ఆగాలని నా నమ్మకం.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరిన ఆయన 1893లో అక్కడ ఒక నొప్పుల మందు తయారుచేశారు. అదే అమృతాంజనం. ఆ మందు తెచ్చిన డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో మద్రాసునుంచి దినపత్రిక వచ్చింది. 1924లో భారతి వచ్చింది. ఆంధ్ర గ్రంథమాల వచ్చింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళిన ఆ మనిషి చేతిలో పత్రిక ఒక ఉద్యమమైంది. ఆ ఉద్యమానికి తైలం పోసింది ఒక చిన్న సీసాలోని పసుపుపచ్చని అంజనం. తెలుగు పత్రిక పుట్టుకలోనే సరుకూ ప్రకటనా ఉన్నాయి. ఈ మాట చెప్పుకోవడానికి మనం సిగ్గుపడనక్కర్లేదు. అందుచేత ప్రకటన మొత్తంగా పాపమన్న వాదం చేయడానికి నేనిక్కడికి రాలేదు.

పత్రికకు డబ్బు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నకు ఆ కాలంలోనే మరో సమాధానం ఇచ్చినవారు ఉన్నారు. గాంధీజీ తన యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికల్లో వ్యాపార ప్రకటనలు వేయలేదు. పత్రిక చందాదారుల బలంమీదే నిలవాలని, నిలవలేకపోతే ఆగిపోవాలని ఆయన అభిప్రాయం. ఇద్దరూ దేశభక్తులే. ఇద్దరి దారులూ వేరు. ఆ రెండు దారుల్లో ఏది ఒప్పో తేల్చే అర్హత నాకు లేదు. పంతులుగారి దారిలో అప్పుడున్న ఒక నిర్మలత్వం తర్వాత ఎక్కడ చెదిరిపోయింది అన్నది మాత్రం నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న.

తొలిరోజుల్లో ఆయన అమృతాంజనాన్ని సంగీత కచేరీలకు వచ్చినవాళ్ళకు ఉచితంగా పంచేవారని చెబుతారు. ఆ దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. రాత్రి పొద్దుపోయేదాకా సాగే కచేరీ, గాలాడని హాలు, తల దిమ్మెక్కిన రసికుడు. అతని అరచేతిలో కాస్త అంజనం. రాసుకున్నాడు, చల్లబడింది, పేరు గుర్తుపెట్టుకున్నాడు. నొప్పి అతనికి ముందే ఉంది. ఆ నొప్పిని ఎవరూ అతనికి అంటగట్టలేదు. మందు తన గుణం తానే చెప్పుకుంది.

మన వ్యాకరణంలో మూడు పురుషలు ఉన్నాయి. అది, వాడు, ఆమె అంటే ప్రథమ పురుష. నువ్వు, మీరు అంటే మధ్యమ పురుష. నేను, మేము అంటే ఉత్తమ పురుష. ప్రకటన చరిత్రంతా ఈ మూడు మెట్లమీద నడిచిందని నేను గ్రహించాను. మొదట అది సరుకు గురించి మాట్లాడింది. తర్వాత కొనేవాడి గురించి మాట్లాడింది. ఇప్పుడు కొనేవాడి గొంతుతోనే మాట్లాడుతోంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచినది ఇదే.

మొదటి మెట్టు చాలా పాతది. ఊళ్ళో దండోరా వేసేవాడు డప్పు కొట్టి, ఫలానా రోజున ఫలానా చోట సంత అని చాటేవాడు. గాజులమ్మి, ఉప్పమ్మి, పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చే మనిషి వీధిలో కేక వేసుకుంటూ పోయేవాళ్ళు. ఆ కేకలో సరుకు పేరుంది, వెలుంది. అవసరమున్న ఇంటి తలుపు తెరుచుకుంది, లేనిది మూసే ఉంది. మూసిన తలుపు వెనకున్న ఇల్లాలిని ఆ కేక కించపరచలేదు. 1780లో కలకత్తాలో హికీ అచ్చువేసిన బెంగాల్ గెజిట్‌లోని ప్రకటనలూ ప్రధానంగా ఇలాంటివే. ఓడ వచ్చింది, సరుకు దిగింది, వేలం జరుగుతుంది అని చెప్పేవి.

రెండో మెట్టు తొలుత మందుల ప్రకటనల్లో కనిపిస్తుంది. గత శతాబ్దం మొదటి సగంలో భారతీయ భాషా పత్రికలకు మందుల వ్యాపారులు పెద్ద దన్ను. మనకు పంతులుగారున్నట్టే, మద్రాసులో కేసరి కుటీరం స్థాపించి స్త్రీల ఆరోగ్యానికి లోధ్ర అనే మందు తయారుచేసిన కె.ఎన్. కేసరిగారున్నారు. 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టి స్త్రీల రచనలకు చోటిచ్చినవారు ఆయనే. ఈ మంచివాళ్ళ పక్కనే మరో రకం మందులవాళ్ళూ పత్రికల్లోకి వచ్చారు. వాళ్ళు జబ్బు ఉన్నవాడికోసం ఎదురుచూడలేదు. చదివేవాణ్ణి పట్టుకుని, మీకు నీరసంగా ఉంటుందా, నలుగురిలో నిలబడలేకపోతున్నారా, సంసార జీవితంలో లోపమా అని అడిగారు. సమాధానం బయటికి చెప్పుకోలేని ప్రశ్న అది. చెప్పుకోలేకపోవడమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. ఈ బెడద ఎంత ముదిరిందో చెప్పడానికి 1954 నాటి ఔషధాలు, మహత్తు చికిత్సల ప్రకటనల చట్టం చాలు. కొన్ని జబ్బుల పేర్లు చెప్పి, వీటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని చెప్పాల్సి వచ్చింది. రిపబ్లిక్ అవతరించి నాలుగేళ్ళకే అంత చట్టం అవసరమైంది.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో లిస్టరిన్ అనే ద్రవం ఉంది. 1879లో శస్త్రచికిత్సలకు పనికొచ్చే క్రిమిసంహారిణిగా పుట్టింది. 1920లలో దాని తయారీదారులు జనం ఎరగని హాలిటోసిస్ అనే వైద్యపదాన్ని పైకి తీశారు. నోటి దుర్వాసనకు అది శాస్త్రీయమైన పేరు. ఆ ప్రకటనల్లో ఒక యువతి ఉండేది. స్నేహితురాళ్ళకు వరసగా పెళ్ళిళ్ళయిపోతుంటాయి, ఆమెకు మాత్రం కాదు. కారణం ఆమెకు ఎవరూ చెప్పరు. ఆ బొమ్మ చూసిన ప్రతి స్త్రీకీ తన ఊపిరిమీద తనకే అనుమానం పుట్టాలి. ద్రవం అదే, సీసా అదే. మారింది సీసా బయట నిలబడ్డ మనిషి.

మన ఇళ్ళల్లోకి ఈ అనుమానం పళ్ళ దగ్గరినుంచి వచ్చిందని నాకనిపిస్తుంది. నా చిన్నతనంలో పెరటి గట్టుమీద వేపపుల్ల, కచిక, మెత్తగా నూరిన బొగ్గు, ఉప్పు ఉండేవి. వాటితో పళ్ళు తోముకోవడం మోటుతనమని, వాటివల్ల పళ్ళు అరిగిపోతాయని ఒక తరం పాటు సినిమాహాల్లో, రేడియోలో, పత్రికల వెనక అట్టమీద విన్నాం, చూశాం. మా అమ్మ తన అలవాటు మానలేదుగాని, చుట్టాలొచ్చినప్పుడు కచిక డబ్బా తలుపు వెనక పెట్టేది. ఆ డబ్బాను దాచడం నా కళ్ళతో చూశాను. ఈనాడు అంగళ్ళలో ఉప్పు కలిపిన పేస్టుంది, వేప పేస్టుంది, బొగ్గు పేస్టూ ఉంది. బొగ్గుదానికి వెల కాస్త ఎక్కువ. మా అమ్మ ఇప్పుడు లేదు. తలుపు వెనక పెట్టాల్సినంత తప్పు ఆ డబ్బాలో ఏమీ లేదని ఆమెకు ఎవరూ చెప్పనేలేదు.

తలంటుకీ ఇదే జరిగింది. కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, పిసికి రసం తీసే ఆదివారం పొద్దున్న పోయి, కిరాణా కొట్లో తోరణాల్లా వేలాడే షాంపూ పాకెట్లు వచ్చాయి. పల్లెటూళ్ళలో రూపాయికి దొరికే ఆ పాకెట్టు కూలికి వెళ్ళే ఆడపిల్లకు ఎంతో సదుపాయమైందన్న సంగతి నేను మరిచిపోను. సదుపాయాన్ని నిందించకూడదు. నా అభ్యంతరం అంతకుముందున్నదాన్ని చూసి సిగ్గుపడేలా చేసినందుకు.

ఇప్పుడు రంగు దగ్గరికి వస్తాను. ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం ఇది.

పోతన భాగవతంలో గోపికలు కృష్ణుణ్ణి వెతుకుతూ మల్లెపొదల్ని అడిగేటప్పుడు చెప్పిన తొలి ఆనవాలు ఆయన నలుపే. మహాభారతంలో ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె మేనిచాయను బట్టే వచ్చింది. మన భాషలో చామనచాయ అన్న మాట ఎంత మెత్తగా ఉంటుందో చూడండి. పలికితే ఆదరంగా వినిపిస్తుంది. అయినా నిజం దాచకూడదు. నలుపుమీద చిన్నచూపును కంపెనీలు పుట్టించలేదు. పెళ్ళిచూపుల్లో పిల్ల కాస్త రంగు తక్కువ అన్న మాట, రంగు తక్కువకు కట్నం ఎక్కువ అన్న లెక్క, కులానికీ చాయకూ ముడిపెట్టే దురహంకారం, తెల్లదొరల పాలనలో ఆ తెలుపుకు దక్కిన పెత్తనం ఇవన్నీ ముందే ఉన్నాయి. ప్రకటన వచ్చి ఆ చిన్నచూపును ఒక ట్యూబులోకి ఎక్కించి వెల కట్టింది. అంతవరకు చుట్టాల నోళ్ళలో అప్పుడప్పుడు వినిపించే మాటను రోజుకు పదిసార్లు ఇంట్లోకి తెచ్చింది.

1975లో హిందుస్థాన్ లీవర్ ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమును విడుదల చేసింది. 1976లో దూరదర్శన్ వ్యాపార ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది. 1977లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. 1995లో తెలుగులో ప్రైవేటు శాటిలైట్ చానళ్ళు వచ్చాయి. ఈ తేదీలను ఒకదాని వెంట ఒకటి పేర్చి చూస్తే, ఒక తరం తెలుగు ఆడపిల్లలు ఏ బొమ్మల మధ్య పెరిగారో తెలుస్తుంది. ఆ ప్రకటనల కథ మీకందరికీ తెలుసు. ఒక నల్లని పిల్ల. చదువుంది, తెలివుంది, గొంతు పెగలదు. క్రీము రాసుకుంటుంది. కొన్ని వారాల్లో మెట్లు మెట్లుగా ముఖం తెల్లబడుతుంది. ఉద్యోగం వస్తుంది, సంబంధం వస్తుంది, తండ్రి ముఖాన నవ్వు వస్తుంది. ఆ పిల్ల చదువు ఏమైంది? కథలో చదువుకు పనే లేదు. తెలివికీ పని లేదు. ఆ ప్రకటన చెప్పిన అసలు అబద్ధం క్రీము గురించి కాదు, చదువు గురించి. నీ కష్టం నిన్ను గట్టెక్కించదు, నీ చర్మమే గట్టెక్కించాలి అని ఆ చిన్న కథ ఏళ్ళ తరబడి చెప్పింది.

ఎదిరించినవాళ్ళు లేకపోలేదు. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం ఫిర్యాదు చేసి, పోరాడింది. 2003లో అలాంటి కొన్ని ప్రకటనలు ఆగిపోయాయి. 2009లో చెన్నైలో నలుపూ అందమే అన్న అర్థంతో ఒక ఉద్యమం మొదలైంది. ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న ప్రమాణాల మండలి 2014లో ఒక నియమం చేసింది. నల్లగా ఉన్నవాళ్ళను దిగులుగా, ఓడిపోయినవాళ్ళుగా చూపకూడదన్నది దాని సారం. 1975 నుంచి 2014 దాకా ఎన్నేళ్ళో మీరే లెక్కపెట్టండి. 2019లో తెలుగు ప్రేక్షకులకు ప్రియమైన సాయిపల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదన్నానని బహిరంగంగా చెప్పినప్పుడు నాకు తెలిసిన ఎందరో తల్లులు కూతుళ్ళను పిలిచి ఆ వార్త చూపించారు. 2020లో, అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం ప్రపంచాన్ని కుదిపినప్పుడు, ఆ క్రీము పేరులోంచి ఫెయిర్ అన్న మాట పోయి గ్లో వచ్చింది. పేరు మారినందుకు నేను సంతోషించాను. అయితే కొనేవాళ్ళు అడిగే మాట, అమ్మేవాళ్ళు అందించే మాట ఇప్పటికీ పాత పేరే అని ఏ కిరాణా కొట్టుకెళ్ళినా వినిపిస్తుంది.

ఈ రెండో మెట్టుమీద ఇంకొక్క రకం ప్రకటనను తలచుకోకపోతే వెనక వరుసల్లో కూర్చున్న పిల్లలకు నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఫలితాలు వచ్చిన మర్నాడు దినపత్రిక మొదటి పేజీ తెరిస్తే వార్త ఉండదు. తపాలా బిళ్ళలంత ఫోటోలు వరసలు కట్టి ఉంటాయి. ప్రతి ముఖం కింద ఒక అంకె. టీవీలో అదే అంకెల్ని ఊపిరి తిప్పుకోకుండా ఒకటి, ఒకటి, రెండు, మూడు అని చదువుతారు. తెలుగు ఇళ్ళల్లో ఆ గొంతు వినని పిల్లలుండరు. అక్కడ అమ్మేది చదువు. చూపేది మాత్రం ముఖం. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక కుర్రవాడు, నూటికి తొంభై పైన మార్కులు తెచ్చుకున్నవాడు, ఫలితాల మర్నాడు స్టాఫ్‌రూములో బల్లమీదున్న పత్రికను చాలాసేపు వేలితో ఒక్కొక్క వరసే తడుముతూ చూశాడు. ఏం వెతుకుతున్నావురా అని అడిగితే, "ఏం లేదు మాస్టారూ, మా క్లాసువాళ్ళెవరున్నారో చూస్తున్నా" అన్నాడు. వాడు వెతికింది వాడి ముఖాన్నే. ఉండదని తెలిసీ వెతికాడు. ఆ పేజీమీద లేని పిల్లలు ఈ రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉంటారు. ఆ పేజీ వాళ్ళతో కూడా మాట్లాడుతుంది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ సంస్థల ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన తర్వాత విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అతని ఫోటో వాడకూడదని, అతను చదివింది ఏ కోర్సో, ఎన్నాళ్ళో చెప్పాలని అందులో ఉంది. మంచిదే. ఫోటోలో ఉన్నవాడి అనుమతి సరే, లేనివాడి సంగతి ఏ మార్గదర్శకమూ చెప్పలేదు.

పండగలకూ ఇదే గతి పట్టింది. ఒక్కటే చెప్పి ముందుకు వెళతాను. వైశాఖ శుద్ధ తదియ మా చిన్నప్పుడు దానాల రోజు, చలివేంద్రాల రోజు. ఆ రోజున బంగారం కొని తీరాలన్న మాట మా ఇంట్లో నేను విన్నది కాదు. గత కొన్ని దశాబ్దాల్లో నగల దుకాణాల పూర్తి పేజీ ప్రకటనలే దాన్ని తెలుగునాట శాస్త్రమంత చేశాయి. గ్రాము బంగారం కొనలేని ఇంట్లో ఆ రోజు ఒక చిన్న దిగులు మసులుతుంది. అదే రోజున సింహాచలంలో స్వామి ఒంటిమీది చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం ఇప్పిస్తారు. ఏడాదికి ఒక్క రోజు, పూత లేకుండా, ఉన్నది ఉన్నట్టు. ఆ దర్శనంకోసం జనం ఎండలో గంటల తరబడి వరసలో నిలబడతారు. ఉన్నది ఉన్నట్టు చూడాలన్న ఆశ మనవాళ్ళలో చావలేదనడానికి నాకు దొరికే గట్టి ఆధారం ఆ వరస.

మూడో మెట్టు ఉత్తమ పురుష. ఇక్కడ ప్రకటన మనతో మాట్లాడటం మానేసింది. మనచేత మాట్లాడిస్తోంది. దీన్ని నేను మొదట గుర్తించింది సెల్‌ఫోనులో కాదు, పత్రికలోని పెళ్ళి ప్రకటనల్లో.

నాతోపాటు ఉద్యోగం చేసి రిటైరైన మిత్రుడొకాయన కూతురి సంబంధంకోసం పత్రికలో వేయించాలని నన్ను ఇంటికి పిలిచాడు. "నువ్వు తెలుగు బాగా రాస్తావు గదా, నాలుగు ముక్కల్లో రాసిపెట్టు. మాట ఎక్కువైతే డబ్బెక్కువ" అన్నాడు. నేను గోత్రం, నక్షత్రం, ఎత్తు, చదువు, ఉద్యోగం రాశాను. "రంగు రాయలేదేం?" అన్నాడు. "చామనచాయ అని రాయనా?" అన్నాను. ఆ అమ్మాయిది నిజంగా చామనచాయే. రాశాను. ఆయన కాగితం వంక కాసేపు చూసి, నా చేతిలోంచి కలం తీసుకుని, ఆ మాట కొట్టేసి తెలుపు అని రాశాడు. దాన్నీ కొట్టేసి ఫెయిర్ అని రాశాడు. అప్పటికే ఆ అమ్మాయి కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసులు బల్లమీద పెట్టి, కాగితంలోకి చూసి, "నాన్నా, ఆ మాట తీసేయండి. డబ్బులు కూడా మిగులుతాయి" అంది. ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. రంగు ఊసు లేకుండానే ప్రకటన అచ్చయింది. ఫోను చేసిన ప్రతి ఇంటివారూ మొదట అడిగిన ప్రశ్న అదేనని తర్వాత మిత్రుడు చెప్పాడు.

ఆ తండ్రి చెడ్డవాడు కాడు. కూతురంటే ప్రాణం ఆయనకు. క్రీము కంపెనీ భాష ఆయన చేతిలోకి, కలంలోకి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. సరుకును వర్ణించడానికి పుట్టిన భాషతో కన్నబిడ్డను వర్ణించాల్సి రావడం, ఆ వర్ణనను బిడ్డ నిలబడి చదవడం... దీన్ని కొనుగోలు ప్రవర్తన అనే చిన్న మాటతో చెప్పలేం.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోనుంది. ప్రతి మనిషీ తన గురించి తానే ప్రకటన తయారుచేసుకుంటున్నాడు. నేను వాడాను, నాకు నచ్చింది, మీరూ కొనండి అని మన ఊరి యాసలోనే, మన ఇంటి వంటగదిలోంచే ఒక అమ్మాయి చెబుతుంది. ఆమెకు డబ్బు ముట్టిందో లేదో చూసేవారికి తెలియదు. డబ్బు తీసుకుని చెబితే ఆ సంగతి వెల్లడించాలని 2021లో ప్రమాణాల మండలి, 2023లో కేంద్ర ప్రభుత్వం సూచనలు ఇచ్చాయి. ఇక్కడ నేను అంతకన్నా లోతైన మార్పు చూస్తున్నాను. దండోరా అందరికీ ఒకటే. పత్రిక ప్రకటన చదివేవాళ్ళందరికీ ఒకటే. ఫోనులో నాకు కనిపించేది నా ఒక్కడికే. నిన్న నేను వెతికింది, మొన్న ఆగి చూసింది లెక్కగట్టి, నా బలహీనత తెలిసి వస్తుంది. పక్కన కూర్చున్న మనిషికి అది కనిపించదు గనక, ఇది అన్యాయం కదా అని ఇద్దరం కలిసి అనుకునే వీలు కూడా పోయింది.

కిందటి సంక్రాంతికి మా మనవరాలు నన్ను వాకిట్లో ముగ్గు పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. తెచ్చి చూపించింది. ముఖం నున్నగా ఉంది, తెల్లగా ఉంది. నా ఎడమ బుగ్గమీద చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి మచ్చలున్నాయి. ఫోటోలో అవి లేవు. "ఇక్కడి మచ్చలేవమ్మా?" అని అడిగాను. "నేనేం చెయ్యలేదు తాతయ్యా, ఫోనే తీసేసింది" అంది. అది నిజం. ఆ పరికరం దానంతట అదే ఆ పని చేసేలా తయారై వచ్చింది. ఆ మచ్చలు పడిన రోజుల్లో మా అమ్మ వేపమండతో విసురుతూ నిద్రలేకుండా కూర్చుందని చెప్పేవాళ్ళు. నా ముఖంమీద ఆమె మిగిల్చిన గుర్తు అది. దాన్ని లోపంగా లెక్కగట్టింది నా శత్రువు కాదు, నా మనవరాలూ కాదు. పదమూడేళ్ళ పిల్ల రోజుకు ఇరవైసార్లు ఆ అద్దంలో తనను చూసుకుంటుంది. తర్వాత గోడమీది అద్దంలో చూసుకున్నప్పుడు కనిపించే ముఖాన్ని ఆ పిల్ల ఏమనుకోవాలి?

చట్టం ఏం చేస్తోందని మీరడగవచ్చు. చేయగలిగింది చేస్తోంది. నిషిద్ధ మందుల ప్రకటన భావప్రకటన స్వేచ్ఛ కిందికి రాదని 1959లో సుప్రీంకోర్టు చెప్పింది. వాణిజ్య ప్రకటన కూడా ఆ స్వేచ్ఛలో భాగమేనని 1995లో టాటా ప్రెస్ కేసులో అదే కోర్టు చెప్పింది. తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉంది గనక రెండో తీర్పునూ నేను గౌరవిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా ఉంది. అందులో నటించిన తారకూ బాధ్యత ఉంది. అయితే చట్టం కొలవగలిగేది సరుకు గురించి చెప్పిన అబద్ధాన్ని. క్రీములో ఏముందో ప్రయోగశాల చెప్పగలదు. దిగులుగా కూర్చున్న నల్లపిల్ల బొమ్మ ఒక బాలికలో ఏం విరగ్గొట్టిందో ఏ ప్రయోగశాలా చెప్పలేదు. ప్రకటన ఈనాడు సరుకు గురించి మాట్లాడటమే తగ్గించింది. అందుకే అబద్ధం ఆడకుండానే గాయపరచగలుగుతోంది.

కనక ఈ పనిలో కొంత భాగం కోర్టులది, కొంత భాగం మనది. మనది అంటే ఇంటిది, బడిది, మనమిప్పుడు కూర్చున్న ఇలాంటి గ్రంథాలయానిది. పంతులుగారు పత్రిక పెట్టింది తెలుగువాడు తన గురించి తాను తెలుసుకోవాలని. చదవడం నేర్పితే మోసపోవడం తగ్గుతుందని ఆ తరం నమ్మింది. మనం పద్యం ఎలా చదవాలో పిల్లలకు నేర్పుతున్నాం. వార్తను నమ్మేముందు రెండుసార్లు చూడమని ఇప్పుడిప్పుడే చెబుతున్నాం. ప్రకటనను చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది చదవాల్సినదే కాదనుకున్నాం.

ఈ ఉపన్యాసం రాసుకోవడానికి ఈ గ్రంథాలయంలోనే నాలుగు రోజులు పాత పత్రికల సంపుటాల ముందు కూర్చున్నాను. ధారావాహికలు, వ్యాసాలు, కథలు భద్రంగా ఉన్నాయి. చాలా సంపుటాల్లో అట్టలూ, ప్రకటనల పేజీలూ లేవు. బైండు చేయించేటప్పుడు పనికిరానివని తీసేయించారు. ఆ పని చేసినవారిని నేను తప్పుపట్టను. నేనూ మా ఇంటి సంపుటాలకు అదే చేశాను. కాని మన అమ్మమ్మలు ఏం చూసి సిగ్గుపడ్డారో, మన తాతలు దేనికి భయపడ్డారో, ఏ బొమ్మ ముందు మన తల్లులు కచిక డబ్బాను దాచుకున్నారో, అదంతా ఆ చించేసిన కాగితాల్లోనే ఉంది.

గ్రంథాలయ కార్యవర్గానికి నా మనవి రెండు మాటలు. ఇకనుంచి బైండు చేయించే ఏ సంపుటంలోనూ ప్రకటన పేజీలు తీయించకండి. మిగిలిన పాత పేజీలు ఈ ఊళ్ళో ఎవరి అటకలమీదైనా ఉంటే అడిగి తెప్పించి, వారానికి ఒక సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్ళచేత చదివించండి. ఆ సాయంత్రాలకు రమ్మంటే నేను వస్తాను. మా ఇంట్లో మిగిలిన అట్టలు ఒక సంచిలో ఉన్నాయి, రేపు తెచ్చి ఇస్తాను.